పిట్టల ఇంటికి చుట్టపుచూపు



వృత్తిరీత్యా నేను లెక్కల మాస్టారిని. పాతికేళ్ళ పైబడి పిల్లలకు కాలం–దూరం లెక్కలు చెబుతున్నాను. గంటకు అరవై కిలోమీటర్లు పోయే బండి ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో అడిగితే నోటిలెక్కగా చెప్పేస్తాను. కానీ ఆదివారం అనే ఒక్క రోజుని ఇంటిల్లిపాదీ సంతోషంగా ఎలా గడపాలన్న లెక్క మాత్రం నాకు చాలాకాలం తేలలేదు. అది తేలిన వైనం ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ఆరేళ్ళ కిందటి మాట. సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు ఎక్కడికైనా కొండల మీదికి పోయొద్దామని, మేమూ మా తోడల్లుడి వాళ్ళూ కలిసి బండి మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లల్ని నిద్ర లేపాం. వాళ్ళు ఏడిచారు. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి మాలాగే ఆలోచించిన వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. మూడు గంటలు బండి కదల్లేదు. పైకి చేరాక హోటల్లో భోజనానికి వరస, లోయ కనిపించే చోట ఫోటోకి వరస, ఆఖరికి టీకొట్టు దగ్గరా వరసే. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి పడ్డాం. మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయిన మా అమ్మ, మనవణ్ణి దగ్గరకు తీసుకుని, "ఏం చూశావురా నాన్నా?" అని అడిగింది. వాడికప్పుడు పదకొండేళ్ళు. "మా ముందు వ్యాను వెనకభాగం చూశాను నాయనమ్మా. దాని మీద 'అమ్మ దీవెన' అని రాసుంది" అన్నాడు.

అందరం నవ్వాం. కానీ ఆ రాత్రి ఖర్చు రాసుకుంటుంటే నాకు నవ్వు రాలేదు.

అదిగో, అప్పుడే మా అమ్మ ఒక మాటంది. "ఒరేయ్ అబ్బాయ్, ఉప్పలపాడు చెరువులో గూడబాతులు దిగాయట. పాలబ్బాయి చెప్పాడు. నన్నోసారి తీసుకెళ్ళరా, చూసొస్తాను."

ఉప్పలపాడు గుంటూరుకు పది కిలోమీటర్ల లోపే. ఆ ఊరి మీదుగా నేను ఎన్నిసార్లు పోయానో! ఒక్కసారీ ఆగలేదు. దగ్గరున్నది ఎప్పుడైనా చూడొచ్చు కదా అని అసలు చూడం. అది మనలో చాలామందికి ఉన్న జబ్బే. సరే, ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే మా ఆవిడ పులిహోర కలిపింది. పెరుగన్నం ఒక డబ్బాలో, మజ్జిగ మిరపకాయలు ఒక పొట్లంలో కట్టింది. ఆటోలో అయిదుగురం సర్దుకుని బయల్దేరాం. ఏడున్నరకల్లా చెరువు గట్టు మీద ఉన్నాం.

అది మామూలు ఊరి చెరువు. మధ్యలో తుమ్మచెట్లు. అయితే చెట్లకు ఆకులు కనిపించవు, పిట్టలే కనిపిస్తాయి. బూడిదరంగు గూడబాతులు, గులాబీరంగు తోక ఈకలున్న ఎర్రకాళ్ళ కొంగలు, రెక్కలు బార్లా చాపి ఎండకు ఆరేసుకుంటున్న నీటికాకులు. కొమ్మకు పది గూళ్ళు. మనిషి ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టు ఒకటే రొద. మా చిన్నాడు చెవులు మూసుకుని, "ఇన్ని పిట్టలు అరుస్తుంటే వీటికి నిద్రెలా పడుతుంది?" అన్నాడు. మా అమ్మ నవ్వి, "అరిచేవన్నీ పిల్లలేరా. పెద్దవి నోరెత్తవు. సరిగ్గా చూడు" అంది.

చూశాం. నిజమే. పెద్ద గూడబాతు వచ్చి గూటిలో వాలగానే పిల్ల ఒకటే గోల పెట్టి, తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. తల్లి మింగేసిందేమోనని మా పిల్లలు హడలిపోయారు. పిల్ల తల బయటికి తీసేసరికి దాని గొంతులో చేప జారుతోంది. తల్లి మాత్రం మౌనంగా ఎటో చూస్తోంది. మా ఆవిడ నా వంక తిరిగి, "చూశారా, అన్ని ఇళ్ళల్లోనూ ఇంతే" అంది.

పదింటికి బయల్దేరదామనుకున్న వాళ్ళం ఒంటిగంట దాకా కదల్లేదు. పులిహోర అక్కడే తిన్నాం. ఆటో డబ్బులు, దారిలో కొన్న చెరుకురసం డబ్బులు కలిపినా, కొండ మీద ఒక్క పూట భోజనానికి అయినంత కాలేదు. పైగా ఆ రాత్రి పిల్లలిద్దరూ అన్నం తింటూ మాట్లాడినవన్నీ గూడబాతుల కబుర్లే. లెక్క తేలడం మొదలైంది ఆ రోజే.

మా అమ్మకు ఆ పేర్లూ ఆ వైనాలూ ఎలా తెలుసునంటారా? ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. చదువు అయిదో తరగతితో సరి. కానీ నీళ్ళమీద వాలే ప్రతి పిట్టకూ ఆవిడ దగ్గర ఒక పేరుంది. నీళ్ళలో ఒళ్ళంతా ముంచి మెడ మాత్రమే పైకి పెట్టేది పాముమెడ పిట్ట. నుదుట తెల్లబొట్టున్న నల్లది బొల్లికోడి. ముక్కు రెండు దవడల మధ్య సందున్నది నత్తగుల్ల కొంగ. ఆ సందు నత్తల్ని పట్టుకోవడానికేనంటారు. పొలం గట్టున మనిషి అలికిడికి కంగారుగా అరిచేది తీతువు. మా అమ్మాయి ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు పేరు వెతికి చెబితే, ఆవిడ తెలుగు పేరు చెప్పేది. అంతవరకూ ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళుండే నాయనమ్మా మనవరాలూ ఒకే పుస్తకం మీద తలలు వంచి కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

పేరుదేముందిలే అనుకోకండి. పేరు నిలిచినందుకే ఒక పిట్ట తిరిగి దొరికిన కథ మన కడప జిల్లాలో ఉంది. జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1848లో ఒక పిట్టను గుర్తించాడు. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య పరుగులు తీసే పిట్ట అది. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. అయితే లంకమల అడవుల దాపున ఉన్న జనానికి ఆ పిట్టకు పేరుంది: కలివికోడి. కలివిపొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. బొమ్మ చూపిస్తే వాళ్ళు పేరు చెప్పారు. చివరికి 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ దాన్ని సజీవంగా పట్టుకొచ్చాడు. ఎనభై ఆరేళ్ళు శాస్త్రజ్ఞుల కంటపడని పిట్ట, పల్లెటూళ్ళ నోళ్ళలో మాత్రం బతికే ఉందన్నమాట. ఇది విన్న రోజు మా అమ్మాయి రెండొందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, మొదటి పేజీలో "నాయనమ్మ చెప్పిన పేర్లు" అని రాసి గీత గీసింది.

ఆ పుస్తకంలో అయిదు గడులున్నాయి. తేదీ, చోటు, పిట్ట, ఎన్ని, ఎవరు ముందు చూశారు. ఈ చివరి గడి గురించే మా ఇంట్లో తగాదాలన్నీ.

"ఎన్ని" అనే గడి నాది. గుంపుగా ఎగిరే పిట్టల్ని లెక్కపెట్టడానికి ఒక చిట్కా ఉంది. ముందు పదింటిని లెక్కపెట్టాలి. ఆ పది ఆకాశంలో ఎంత జాగా తీసుకున్నాయో కంటితో కొలుచుకోవాలి. మొత్తం గుంపులో అలాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో చూడాలి. నిష్పత్తి లెక్కే! నా క్లాసులో ఆవలించే చిన్నాడు, చెరువు గట్టున ఈ లెక్క అడిగి మరీ నేర్చుకున్నాడు.

ఇక కావలసిన సరంజామా అంటే ఒక్క బైనాక్యులర్స్ మాత్రమే. దాని మీద 8 ఇంటూ 42 అని రాసుంటే, 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. ఎక్కువ రెట్లు చూపేది కొంటే మంచిదనుకుంటాం కానీ, చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ 8 చాలు. మొదటి ఏడాది మాకు అదీ లేదు. కళ్ళున్నాయి, అమ్మ ఉంది.

శ్రోతలారా, వ్యాపకం అంటే తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట అని కొందరంటారు. నేను ఒప్పుకోను. కె.కె. నీలకంఠన్ అని ఒక మలయాళీ ఉండేవారు. వృత్తి ఇంగ్లీషు పాఠాలు చెప్పడం, వ్యాపకం పిట్టల్ని చూడడం. ఆయన 1946లో మన కొల్లేటి ప్రాంతంలో ఇంచుమించు 3,000 గూడబాతులు గూళ్ళు పెట్టుకున్న పెద్ద స్థావరాన్ని కనుక్కుని లోకానికి చెప్పారు. తరవాత ఇందుచూడన్ అనే కలంపేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాశారు. ఇక పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు మీరు వినే ఉంటారు. 1931లో ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకి బయల్దేరినప్పుడు భార్య తెహ్మీనా కూడా వెంట నడిచారు. నల్లమల మన్ననూరు, ఫరహాబాద్ అడవుల్లో వాళ్ళ మజిలీ. ఆ రోజుల్లో అక్కడికి మంచి దారి కూడా లేదు. ఆలుమగలు కలిసి చేసిన పని అది.

కొల్లేటి సంగతి చదివి వినిపించినప్పుడు మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అవే రా, మేం చూసినవి. మా చిన్నప్పుడు అవి గుంపుగా లేస్తే ఎండ మాసిపోయేది" అంది. నీలకంఠన్ చూసిన ఆ స్థావరం 1975 నాటికి లేకుండా పోయింది. అప్పటికి మా అమ్మ పెళ్ళై ఇటు వచ్చేసింది. గూడబాతులూ ఆవిడా ఇంచుమించు ఒకే కాలంలో కొల్లేరు వదిలారు.

అందుకని ఆ ఏడు డిసెంబరులో మా రెండు రోజుల సెలవు కొల్లేటికే. గుడివాడ మీదుగా రైల్లో కైకలూరు దిగి, అక్కడినుంచి ఆటపాక. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. ఆటపాకలో పిట్టల కోసం నీళ్ళమధ్య ఇనప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద గూళ్ళు, గూళ్ళ నిండా గూడబాతులు. మా అమ్మ గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని చాలాసేపు చూసింది. "అప్పుడు చెట్లమీద ఉండేవి. ఇప్పుడు వీటికీ ఇనప మంచాలేసి పెట్టారు" అంది. ఆ తర్వాత, "అయితేనేం, వచ్చాయిగా" అంది. ఆ రోజు నోటుపుస్తకంలో "ఎవరు ముందు చూశారు" అన్న గడిలో ఎవరూ పోటీపడలేదు. నాయనమ్మ అని రాసేశారు.

ఇలా వెళుతూ వెళుతూ నేను తెలుసుకున్నది ఇది. పిట్టల్ని చూడబోవడం యాత్ర కాదు, చుట్టపుచూపు. చుట్టాలింటికి పోయేవాడికి మూడు సంగతులు తెలియాలి. వాళ్ళు ఇంట్లో ఎప్పుడుంటారో తెలియాలి. వాళ్ళింట్లో ఎలా మసలుకోవాలో తెలియాలి. మళ్ళీ ఏడాది మళ్ళీ వెళ్ళాలి.

ఎప్పుడుంటారో ముందు చెబుతాను. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి. ఇళ్ళ మధ్య చెట్లమీదే గూళ్ళు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక చలికాలంలో వెళ్ళిపోతాయి. అదే జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వర్షాకాలం చివర వచ్చి వేసవి ముందు దాకా ఉంటాయి. ఆ ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు. దక్షిణాన సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు. చెరువులో మునిగి నిలిచే కడప చెట్లమీద గూడబాతుల గూళ్ళుంటాయి. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పారితే పైరు ఏపుగా వస్తుందని చుట్టుపక్కల రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. నేలపట్టు పక్కనే పులికాట్. మన దేశంలో చిల్క తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఆ సరస్సు మధ్యగానే పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు పక్కన నిలబడితే, తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి ముక్కుతో నీటిని వడగట్టుకు తినే రాజహంసలు కనిపిస్తాయి. వాటి గులాబీరంగు పుట్టుకతో వచ్చింది కాదు. తినే నాచు, చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల వల్ల వచ్చింది. హైదరాబాద్ వైపు శ్రోతలకు ఇంటి పక్కనే అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యం ఉంది. అక్కడ మొసళ్ళు కూడా ఉంటాయి కాబట్టి నీళ్ళ అంచుకు మాత్రం పోకండి.

ఎలా మసలుకోవాలన్నది రెండోది. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండో ఏడాది మాతో వచ్చిన బంధువుల అబ్బాయి, పిట్టలు ఎగురుతుంటే వీడియో బాగుంటుందని చప్పట్లు కొట్టి, రాయి విసిరాడు. వందల పిట్టలు ఒక్కసారి లేచాయి. వీడియో బాగానే వచ్చింది. కానీ తల్లులు లేచిన గూళ్ళ మీద రెండు నిమిషాల్లో కాకులు వాలాయి. ఒక కాకి గుడ్డు ఎత్తుకుపోవడం మా పిల్లలు కళ్ళారా చూశారు. గూటిలో పిల్లలుంటే మరీ ప్రమాదం. ఈకలు రాని పిల్లకు తల్లి రెక్కే గొడుగు. ఎండలో ఆ గొడుగు తీసేస్తే పిల్ల మిగలదు. ఆ అబ్బాయిని ఎవరూ తిట్టలేదు. మా అమ్మ మాత్రం, "పురిటింట్లో టపాసులు కాలుస్తామట్రా?" అని అడిగింది. వాడు మళ్ళీ ఎప్పుడూ రాయి ముట్టలేదు.

అంచేత మా ఇంటి నియమాలు ఇవి. కళ్ళు చెదిరే రంగుల బట్టలు వేసుకోకూడదు. పాటలు పెట్టకూడదు. గూటికి దగ్గరగా పోకూడదు. మన తిండి వాటికి వేయకూడదు. తెచ్చుకున్న ఆకులూ కాగితాలూ సీసాలూ తిరిగి ఇంటికే తేవాలి. అన్నిటికంటే పెద్ద నియమం మా ఆవిడ పెట్టింది: గట్టు మీద మొదటి అరగంట ఫోను సంచిలోనే ఉండాలి. ఫోటో తీసుకోవాలనుకుంటే పిట్టను ముందు కళ్ళతో చూశాకే.

మళ్ళీ వెళ్ళడం మూడోది. ఒకసారి చూసేసిన చోటికి మళ్ళీ ఎందుకని అడుగుతారు కొందరు. పినతండ్రి ఇంటికి ఒకసారి పోయొచ్చాం కదా అని మానేస్తామా? ఉప్పలపాడు మేం ఈ ఆరేళ్ళలో పంతొమ్మిది సార్లు వెళ్ళాం. ఏ రెండు పేజీలూ ఒకలా లేవు. వానలు బాగా పడ్డ ఏడు ఒకలా, చెరువు అడుగంటిన ఏడు మరోలా. మా చిన్నాడికి ఇప్పుడు పదిహేడేళ్ళు. స్నేహితులతో తిరిగే వయసు. మాతో ఎక్కడికీ రాడు, ఉప్పలపాడుకి తప్ప.

అసలు బయటికే పోలేని వాళ్ళ సంగతో? గత ఏడాది మా అమ్మ మోకాళ్ళు మరీ మొరాయించాయి. ఆటో ఎక్కలేకపోయింది. అప్పుడు మా ఆవిడ ఊరినుంచి వరికంకులు తెప్పించి, చిన్నప్పుడు వాళ్ళింట్లో అల్లినట్టు కుచ్చు అల్లి వసారాలో కట్టింది. పక్కన మట్టిమూకుట్లో నీళ్ళు పెట్టింది. మూడు రోజులు ఏదీ రాలేదు. నాలుగో రోజు ఒక పిచ్చుక. వారం తిరిగేసరికి ఏడు. నీళ్ళ కోసం గోరింకలు, పిగిలిపిట్టలు. మూకుట్లో నీళ్ళు రోజూ మార్చాలి సుమా, లేకపోతే దోమలు పెరుగుతాయి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జనం తమ పెరట్లో పిట్టల్ని లెక్కపెడతారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని చూసినవి రాసి పంపిస్తే చాలు. ఇంటినుంచి కావచ్చు, బడినుంచి కావచ్చు, బస్టాపు నుంచైనా సరే. శాస్త్రజ్ఞులకు ఆ లెక్కలు పనికొస్తాయి. పోయిన ఫిబ్రవరిలో మా వసారా లెక్క మా అమ్మ పేరు మీదే పంపాం. పదిహేను నిమిషాల్లో ఆవిడ తొమ్మిది రకాలు చెప్పింది. నాకు ఆరే కనిపించాయి. చూపు తగ్గిందంటుంది కానీ, ఆవిడ సగం పిట్టల్ని చెవులతోనే చూస్తుంది.

శ్రోతలారా, సెలవంటే దూరం పోవడమేనన్న భ్రమ నాకు పోయింది. దూరపు ఊళ్ళు చూడొద్దని నేననను. స్తోమతా వీలూ ఉంటే తప్పక చూడండి. కానీ రెండు పెద్ద ప్రయాణాల మధ్య ఏడాదికి యాభై ఆదివారాలు మిగిలిపోతాయి. వాటి సంగతి ఆలోచించండి. మీ వ్యాపకం పిట్టలే కానక్కర్లేదు. పాత గుళ్ళ శాసనాలు కావచ్చు, చెట్లు కావచ్చు, పాత నాణేలు కావచ్చు. ఏదో ఒకటి ఇంటిల్లిపాదీ కలిసి వెతికేది ఉంటే, పది కిలోమీటర్ల ప్రయాణం కూడా ప్రయాణమే అవుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళ రాత్రి అన్నం దగ్గర ఒక్క ప్రశ్న అడగండి. "మీ చిన్నప్పుడు మన ఊరి చెరువు మీద ఏ పిట్టలు వాలేవి? వాటిని ఏమని పిలిచేవాళ్ళు?" వాళ్ళు చెప్పిన పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ఆ కాగితం జేబులో పెట్టుకుని, వాళ్ళ చేయి పట్టుకుని, దగ్గరలో ఉన్న చెరువు గట్టుకు వెళ్ళండి. పులిహోర మరిచిపోకండి.